జాగా వదలమంటే చలానా కడతారా?

మా ఆఫీసు వెనక సందులో ఒక గేటుకి రేకు బోర్డు వేలాడుతుంటుంది. "గేటు ముందు బండి పెట్టరాదు, పెడితే గాలి తీయబడును." ఎదురింటాయనకి బోర్డు మీద నమ్మకం లేదు, సిమెంటు నింపిన పెయింటు డబ్బాలు నాలుగు తెచ్చి ఏకంగా రోడ్డు మీదే పెట్టేశాడు. ఆ పక్కన ఓ అపార్ట్‌మెంటు, దాని ర్యాంపు రోడ్డు మీదికి నాలుగడుగులు పొడుచుకొచ్చింది. ప్లాన్‌లో స్టిల్టు, అంటే స్తంభాల మధ్య ఖాళీగా వదిలిన కింది అంతస్తు, మొత్తం పార్కింగే. ఇప్పుడక్కడ ఉన్నవి ఒక కిరాణా కొట్టు, ఒక ఇస్త్రీ బల్ల, వాటర్ క్యాన్ల గోడౌను, మిగిలిన మూలలో వాచ్‌మన్ కుటుంబం. పైన పది ఫ్లాట్లు, వాటి కార్లు పదీ రోడ్డు మీద. కాగితం మీద అది 30 అడుగుల రోడ్డు. రెండు పక్కలా కార్లకి ఏడేసి అడుగులు, ర్యాంపుకి నాలుగు తీసేయండి, పొద్దున ఏడున్నరకి స్కూలు బస్సుకి మిగిలేది 12 అడుగులు. ఎదురుగా పాల ఆటో వచ్చిందంటే ఇక ఎవరో ఒకరు రివర్సు కొట్టాల్సిందే, ఆ ఎవరో ఒకరు ఎవరన్నదానిమీదే రోజూ పంచాయితీ.

ఇది పార్కింగ్ సమస్య అని ట్రాఫిక్ వాళ్లు అంటారు. శివార్లలో పార్కు లేని వెంచర్ని లేఅవుట్ సమస్య అని టౌన్ ప్లానింగ్ వాళ్లు అంటారు. మాకు మాత్రం రెండూ ఒకటే జబ్బులా కనిపిస్తున్నాయి. నలుగురి కోసం వదలాల్సిన జాగా ఎవరో అమ్ముకున్నారు, అమ్ముకున్నాక ప్రభుత్వం వచ్చి ఇంకెవరి దగ్గరో డబ్బు కట్టించుకుని సరే పొమ్మంది.

లేఅవుట్ల సంగతే ముందు చూద్దాం. ఉమ్మడి రాష్ట్రంలో 2007 డిసెంబర్ 31న రెండు జీవోలు ఒకేసారి వచ్చాయి, అక్రమ భవనాలని ఫీజు కట్టించుకుని క్రమబద్ధం చేసే బీపీఎస్, అనుమతి లేని ప్లాట్లని అలాగే చేసే ఎల్ఆర్ఎస్. ఇదే మొదటిసారి, ఇదే ఆఖరిసారి అన్నారు. తెలంగాణ వచ్చాక 2015లో మళ్లీ తెచ్చారు. 2020 ఆగస్టు 31న జీవో 131తో ఇంకోసారి తెచ్చారు. ఆంధ్రప్రదేశ్‌లోనూ 2020లో ఒకసారి, 2025లో మరోసారి ఇదే వరస. ఇన్ని ఆఖరిసార్లు చూసిన రియల్టరు అనుమతికి ఎందుకు తిరుగుతాడు చెప్పండి? ఆగితే ఇంకో ఎల్ఆర్ఎస్ రాకపోదని మా కన్నా ఆయనకే బాగా తెలుసు.

తెలంగాణలో 2020 స్కీముకి పాతిక లక్షలకి పైగా దరఖాస్తులు వచ్చాయి. ఒక్కో ప్లాటుకి దరఖాస్తు ఫీజు వెయ్యి రూపాయలు, అంటే ఫైలు తెరవకముందే ఖజానాకి 250 కోట్లు. ఆ ఫైళ్లు కోర్టు కేసుల్లో నాలుగేళ్లు పైనే నలిగాయి. చివరికి 2025లో 25 శాతం రాయితీ అంటూ తలుపు తీశారు, మార్చి 31 గడువన్నారు, తర్వాత పొడిగించుకుంటూ పోయారు. కూతురి పెళ్లికి పనికొస్తుందని పీఎఫ్ డబ్బుతో 150 గజాలు కొనుక్కున్న మనిషి ఈ ఐదేళ్లలో ఎన్నిసార్లు మీసేవకి తిరిగి ఉంటాడో ఆయనకే తెలియాలి.

ఇందులో మమ్మల్ని ఎక్కువ ఇబ్బంది పెట్టేది 14 శాతం అనే ఒక అంకె. అనుమతి ఉన్న లేఅవుట్‌లో పది శాతం జాగా పార్కుకీ ఆటస్థలానికీ ఖాళీగా వదలాలి. వదలకపోతే, ఎల్ఆర్ఎస్‌లో ఆ ప్లాటు రిజిస్ట్రేషన్ నాటి విలువ మీద 14 శాతం ఓపెన్ స్పేస్ చార్జీ కట్టాలి. వినడానికి న్యాయంగానే ఉంది. ఒక్కసారి లెక్క వేసి చూడండి. ఐదెకరాల వెంచర్ అనుకుందాం, 24,200 గజాలు. పార్కుకి వదలాల్సింది 2,420 గజాలు, అంటే అరెకరం. రోడ్లకి 30 శాతం పోతే ఇంకా మిగిలేది 14,520 గజాలు, 200 గజాల లెక్కన 72 ప్లాట్లు. పార్కు ఎగ్గొడితే ఇంకో 12 ప్లాట్లు అదనం, మొత్తం 84. ఆ పన్నెండు ప్లాట్ల డబ్బూ ఎవరి జేబులోకి వెళ్లింది? వెంచర్ వేసినాయన జేబులోకి. పదిహేనేళ్ల తర్వాత 14 శాతం ఎవరు కడుతున్నారు? 84 మంది కొన్నవాళ్లు. రిజిస్ట్రేషన్ నాడు గజం విలువ 2,000 అనుకుంటే ఒక్కొక్కరికి 56,000, అందరిదీ కలిపితే 47 లక్షలు. సరే, ఆ 47 లక్షలు పట్టుకుని అదే కాలనీలో ఇవాళ పార్కు కొనబోదాం. గజం 20,000 పలుకుతుంటే 2,420 గజాలకి 4 కోట్ల 84 లక్షలు కావాలి. పదో వంతు కూడా చేతిలో లేదు. పైగా కొందామన్నా అక్కడ అరెకరం ఖాళీగా ఉంటే కదా, ఆ పన్నెండు ప్లాట్లలో ఇళ్లు లేచి గృహప్రవేశాలు కూడా అయిపోయాయి.

తప్పు చేసినవాడు ఒకడు, జరిమానా కట్టేవాడు ఇంకొకడు, పార్కు ఎవరికీ రాదు. దీన్ని క్రమబద్ధీకరణ అని ఎందుకంటారో మాకు అర్థం కాదు.

కొన్నవాళ్లది తప్పు, కాగితాలు చూసుకోవద్దా అని సులువుగా అనేస్తుంటారు. చూసుకున్నారండీ. సర్పంచి సంతకం, పంచాయతీ ముద్ర ఉన్న లేఅవుట్ నక్షా చూపించారు, లింకు డాక్యుమెంట్లు చూపించారు, సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో ప్రభుత్వమే స్టాంప్ డ్యూటీ తీసుకుని రిజిస్టర్ చేసింది. డీటీసీపీ (రాష్ట్ర పట్టణ, గ్రామీణ ప్రణాళిక విభాగం) సాంకేతిక అనుమతి లేకుండా పంచాయతీ సొంతంగా లేఅవుట్ ఇవ్వడానికి లేదని ఆ రోజు కౌంటర్లో ఎవరూ చెప్పలేదే! డబ్బు తీసుకున్నప్పుడు కనిపించని అక్రమం ఇల్లు కట్టుకుంటామని వెళ్లినప్పుడు కనిపించింది.

ఇప్పుడు దానికి కొత్త వేషం ఫామ్ ప్లాట్లు. రంగుల బ్రోచర్, రెండు గుంటలు, అంటే 242 గజాలు, ప్రతి ప్లాటుకి నాలుగు శ్రీగంధం మొక్కలు, వీకెండ్‌కి రిసార్టు ఫీలింగ్. రిజిస్ట్రేషన్ వ్యవసాయ భూమిగా గుంటల లెక్కన చేస్తారు కాబట్టి లేఅవుట్ అనుమతి, పది శాతం జాగా, రోడ్డు వెడల్పు అనే మాటలే రావు. రేపు అక్కడ ఇంటికి పర్మిషన్ అడిగితే రాదు. ఇంకో పదేళ్లకి వీళ్లంతా ఏ స్కీము కోసం క్యూలో నిలబడతారో ఊహించడానికి జ్యోతిష్యం అక్కర్లేదు.

హైదరాబాద్ సిటీలోకి వస్తే జాగా పేరు పార్కింగ్. 2012 నాటి జీవో 168 ప్రకారం నగర కార్పొరేషన్ జీహెచ్ఎంసీ పరిధిలో అపార్ట్‌మెంటుకి మొత్తం నిర్మాణంలో 30 శాతం పార్కింగ్ చూపించాలి, ఆఫీసులూ హోటళ్లూ లాంటి వాటికి ఇంకా ఎక్కువ. ప్లాన్‌లో అందరూ చూపిస్తారు. నిర్మాణంలో పది శాతం కార్పొరేషన్ పేర మార్ట్‌గేజ్ చేస్తారు, భవనం ప్లాన్ ప్రకారమే కట్టారని ఇచ్చే ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ (ఓసీ) వచ్చాకే విడిపించుకోవాలి. వ్యవస్థ చూస్తే ముచ్చటేస్తుంది. కానీ ఓసీ వచ్చిన మర్నాటి నుంచి ఆ స్టిల్టులో ఏం జరుగుతోందో చూసే దిక్కు లేదు, ఇక ఓసీ తీసుకోకుండానే కరెంటు మీటరు, నల్లా కనెక్షన్ పెట్టించుకుని పాలు పొంగించిన బిల్డింగులు వీధికి ఎన్ని ఉన్నాయో మీరే లెక్కపెట్టుకోండి. ఓసీ లేని భవనాలకి కరెంటు, నీళ్ల కనెక్షన్లు ఇవ్వొద్దని సుప్రీంకోర్టు 2024 డిసెంబర్‌లో గట్టిగానే చెప్పింది.

ఇంకో తమాషా, మన దగ్గర కార్ పార్కింగ్‌ని విడిగా అమ్ముతారు, ఫ్లాటు రేటు మీద ఇంకో రెండు లక్షలో మూడు లక్షలో. స్టిల్టు పార్కింగ్ ఉమ్మడి ఆస్తి, బిల్డర్ దాన్ని విడిగా అమ్ముకోకూడదని సుప్రీంకోర్టు 2010 ఆగస్టులోనే తీర్పు చెప్పింది. అది ముంబయి కేసు, మహారాష్ట్ర చట్టం కింద వచ్చిన తీర్పు, నిజమే. కానీ రియల్ ఎస్టేట్ నియంత్రణ చట్టం రెరా వచ్చాక బయటి ఓపెన్ పార్కింగ్ ఉమ్మడి జాగాలో భాగమని చట్టంలోనే రాసి ఉంది. అయినా మన బ్రోచర్లలో ఆ లైను అలాగే ఉంటుంది, మనమూ బేరమాడి పాతిక వేలు తగ్గించుకుని సంతోషపడతాం.

పార్కింగ్ అంటే కారు గొడవే కదా అనుకునేవాళ్లకి 2023 నవంబర్ 13 గుర్తుచేయాలి. నాంపల్లి బజార్‌ఘాట్‌లో నాలుగంతస్తుల అపార్ట్‌మెంటు. కింద కార్లు ఉండాల్సిన చోట కెమికల్ డ్రమ్ములు పేర్చారు. మంట అక్కడే పుట్టింది, మెట్లదారీ అక్కడి నుంచే. తొమ్మిది మంది పోయారు, వాళ్లలో ఎవరికీ ఆ డ్రమ్ములతో సంబంధం లేదు. వారం రోజులు సెల్లార్ల మీద తనిఖీలన్నారు, నోటీసులన్నారు. తర్వాత మామూలే.

కాలనీ రోడ్డుని కమర్షియల్ రోడ్డుగా మార్చడంలోనూ ఇదే తంతు. నోటిఫై చేస్తారు, ఇంపాక్ట్ ఫీజు కట్టించుకుంటారు, నిన్నటిదాకా ఇల్లు అన్నచోట టిఫిన్ సెంటరు, కోచింగ్ సెంటరు, పైన డయాగ్నస్టిక్స్ వస్తాయి. ఫీజు ఖజానాకి, బండ్లు పక్కింటి గేటు ముందుకి. ఫీజు తీసుకునే ముందు ఆ బిల్డింగులో నాలుగు బండ్లు అదనంగా పట్టే చోటు ఎక్కడుందో చూపించమని అడగడానికి ఏం అడ్డొచ్చింది? చేయాలనుకుంటే చేయగలరు. 2018లో మాల్స్‌లో మొదటి అరగంట పార్కింగ్ ఫ్రీ అని జీవో 63 ఇచ్చారు, అమల్లోకి వచ్చింది, జనం ఇప్పటికీ కౌంటర్ దగ్గర దాన్ని చూపించి వాదిస్తారు.

ఇళ్లు కూల్చమని మేము అనడం లేదు. ప్లాట్లు కొన్నవాళ్లని రోడ్డున పడేయమనీ అనడం లేదు, వాళ్ల ఎల్ఆర్ఎస్ తొందరగా తేల్చి పంపించండి. మేము అడిగేది, ఆ పన్నెండు ప్లాట్లు అమ్ముకున్న మనిషి సంగతి. మొదటి సేల్‌డీడ్ మీద ఆయన పేరు ఉంటుంది, పాన్ నంబరు కూడా ఉంటుంది, ఆయనే ఇప్పుడు పక్క మండలంలో ఇంకో వెంచర్‌కి అర్జీ పెట్టుకుని ఉంటాడు. పాత వెంచర్ పార్కు బాకీ తీర్చేదాకా కొత్త ఫైలు ఆపండి. ప్రతి అపార్ట్‌మెంటు గేటుకీ ప్లాన్ కాపీ, ఎన్ని కార్లకి చోటు చూపించారన్న అంకె, ఓసీ నంబరు బోర్డు రాయించండి, గాలి తీస్తామన్న బోర్డు పక్కనే. స్టిల్టులో షట్టరు పడితే ఫిర్యాదు చేయడానికి పై అంతస్తు వాళ్లే చాలు, వేరే నిఘా అక్కర్లేదు.

మరొకటి, ఓపెన్ స్పేస్ చార్జీ కింద ఇప్పటిదాకా వచ్చిన డబ్బు ఏ ఖాతాలో ఉంది, ఏ కాలనీ నుంచి ఎంత వచ్చింది, దాంతో ఆ కాలనీకి ఎన్ని గజాలు కొన్నారు? వార్డుల వారీగా మున్సిపల్ శాఖ ఒక పట్టిక ఇస్తే చాలు. ఎంత పొడుగున్నా సరే, మొదటి పేజీలోనే వేస్తాం.