కాయిలోవర్లు తర్వాత బాబూ, ముందు కింద రేకు చూడు

పాత స్పోర్ట్స్ కారు కొన్నవాళ్లు మొదటి నెల్లోనే పెట్టే ఫొటో ఏంటో మీకూ తెలుసు. మెరిసిపోతున్న కాయిలోవర్లు (స్ప్రింగూ షాక్ అబ్జార్బరూ ఒకటిగా వచ్చే సెట్లు), ఎర్రటి పాలీ బుష్‌లు (కీళ్లలో రబ్బరుకి బదులు పెట్టే గట్టి దిండ్లు), ఇంజన్ మీద అడ్డంగా ముందు సస్పెన్షన్ రెండు పైకొసల్నీ కలిపే ఒక స్ట్రట్ బార్. కింద వరసగా నిప్పు ఎమోజీలు. ఇవన్నీ ఏ రేకుకి బిగిస్తున్నారో ఆ రేకు ఫొటో మాత్రం ఎవరూ పెట్టరు. పెట్టరంటే, అసలు చూసి ఉండరు.

నాకు ఒళ్లు మండేది అక్కడే. డ్యాంపర్ (అదే, షాక్ అబ్జార్బర్) పోతే కొత్తది దొరుకుతుంది, స్ప్రింగ్ విరిగితే దొరుకుతుంది. వాటిని పట్టుకుని ఉన్న బాడీ రేకు పాతికేళ్లు దెబ్బలు తిని చీలిపోతే, దానికి పార్ట్ నంబర్ వెతుక్కున్నా లాభం లేదు. కోసి, అతికి, బలం వెయ్యాల్సిందే. అయినా డబ్బులన్నీ పై సోకులకే పోతాయి. పైన పటారం, లోన లొటారం.

బీఎండబ్ల్యూ ఈ46 సంగతి చూడండి. 1998లో వచ్చిన 3 సిరీస్. చిన్న ఇంజన్ల కార్ల నుంచి ఎం3 దాకా అందరిదీ ఒకటే జాతకం. వెనక సబ్‌ఫ్రేమ్, అంటే వెనక సస్పెన్షన్‌ని మోసే చట్రం, నాలుగు చోట్ల బాడీకి బిగుస్తుంది. బిగిసేది ఏదో దిట్టమైన దూలానికి అనుకునేరు, స్పాట్ వెల్డులతో, అంటే చుక్కలు చుక్కలుగా వేసిన అతుకులతో, పక్క రేకులకు అతికిన పల్చటి ఫ్లోర్ రేకుకి. క్లచ్ వదిలినప్పుడల్లా డిఫరెన్షియల్ (ఇంజన్ బలాన్ని వెనక చక్రాలకి పంచే గేర్ల పెట్టె) ఒకవైపు మెలి తిరుగుతుంది, యాక్సిలరేటర్ మీంచి కాలు తీస్తే ఇంకోవైపు. ఆ మెలి అంతా పోయి పోయి ఆ నాలుగు చోట్లే పడుతుంది. కట్టుతీగని అటూ ఇటూ వంచి వంచి తెంపుతాం చూడండి, అదే పని ఏళ్ల తరబడి నెమ్మదిగా జరుగుతుందన్నమాట. అమెరికాలో దీని మీద యజమానులు కోర్టుకి కూడా వెళ్లారు.

"కార్పెట్ ఎత్తి చూశానన్నా, శుభ్రంగా ఉంది" అని ధీమాగా చెప్పేవాళ్లు ఉంటారు. పైనుంచి కనబడిందంటే అప్పటికే పుణ్యకాలం గడిచిపోయినట్టు. పగులు సాధారణంగా కింద మొదలవుతుంది, సబ్‌ఫ్రేమ్ ఆనుకుని ఉండేచోట, తుప్పు పట్టకుండా పూసే నల్లటి అండర్‌సీల్ పొర మాటున. సబ్‌ఫ్రేమ్ దించాలి. ఆ పొరని గీకి, వైర్ బ్రష్ కొట్టి వట్టి లోహం దాకా రావాలి. అప్పుడు బోల్టు చుట్టూ రేకుని గుండ్రంగా నొక్కిన అంచు వెంబడి తలవెంట్రుకంత గీత కనిపిస్తుంది. అది పగులా, బ్రష్ గీసిన గీతా అని అనుమానమొస్తే డై పెనెట్రెంట్ వాడండి. ఎర్ర రంగు చల్లి, కాసేపు ఆగి, శుభ్రంగా తుడిచి, పైన తెల్ల డెవలపర్ కొట్టాలి. పగులైతే ఆ తెలుపులోంచి సన్నగా ఎర్రటి గీత ఊరుతుంది. మామూలు గీతైతే రంగు తుడిచినప్పుడే పోతుంది. ఫస్ట్ గేర్లో క్లచ్ వదలగానే వెనకనుంచి "టక్" మని ఒక చప్పుడు వస్తుంటే, బుష్‌లు మార్చి చేతులు దులుపుకునే ముందు ఈ పని చేయించండి.

బీఎండబ్ల్యూ జెడ్3 పరిస్థితి ఇంకా అన్యాయం. డిఫరెన్షియల్ వెనక కవరుకి, బాడీకి బిగించేందుకు ఒకే ఒక్క చెవి. భారమంతా ఆ ఒక్కదాని మీదుగా బూట్ ఫ్లోర్ (డిక్కీ నేల) మీదికి పోతుంది, అక్కడి స్పాట్ వెల్డులు ఒక్కొక్కటిగా ఊడతాయి.

ఇదేదో జర్మన్ కార్లకే పట్టిన శని కాదు. 1960ల ఫోర్డ్ మస్టాంగ్‌లో ముందు స్ప్రింగ్, చక్రాన్ని పట్టుకునే పై కంట్రోల్ ఆర్మ్ మీద కూర్చుంటుంది, స్ప్రింగ్ పైకొస ఇంజన్ పక్కన నిలువుగా లేచిన రేకు గూడుకి, అంటే షాక్ టవర్‌కి ఆనుతుంది. అంటే గుంతలో పడిన ప్రతి దెబ్బా టవర్‌కే. ఏళ్లు గడిచేకొద్దీ టవర్లు ఇంజన్ వైపు వాలతాయి, అతుకుల దగ్గర పగుళ్లొస్తాయి, కాంబర్ (చక్రం నిలువు వాలు) సరిచేద్దామంటే సర్దుబాటుకి చోటు మిగలదు. ఈ బలహీనత ఫోర్డ్‌కి తెలియంది కాదు. ఎగుమతి కార్లకి రెండు టవర్లనీ ఫైర్‌వాల్‌తో (ఇంజన్‌కీ క్యాబిన్‌కీ మధ్య గోడతో) కలిపే గట్టి బ్రేస్ ఇచ్చింది, అందుకే దాన్ని ఎక్స్‌పోర్ట్ బ్రేస్ అంటారు. 1965 షెల్బీ జీటీ350లో దానికి తోడు టవర్‌కీ టవర్‌కీ మధ్య మోంటీ కార్లో బార్ కూడా వేశారు. కాబట్టి స్ట్రట్ బార్ దండగని నేను అనట్లేదు. నాలుగు వంపులు తిప్పి, చివర్లలో బోల్టు మీద కదిలే కీళ్లు పెట్టి, పైన కంపెనీ పేరు చెక్కి అమ్మేదాన్ని స్ట్రట్ బార్ అనకండి అంటున్నా. అది అలంకారం.

అన్నిటికీ వెల్డింగే మందు కాదు. ట్రయంఫ్ స్పిట్‌ఫైర్ ముందు చక్రాల దగ్గర వర్టికల్ లింక్ అని ఒక ఉక్కు ముక్క ఉంటుంది. దాని కిందికొసన మరలు ఉంటాయి, అవి ట్రనియన్ అనే కంచు ముక్కలోకి దిగుతాయి. స్టీరింగ్ తిప్పినప్పుడల్లా ఆ మరల మీదే తిరుగుతుంది. దానికి కావలసింది ఈపీ90 గేర్ ఆయిల్. గ్రీజు గన్ పెట్టే నిపుల్ కనబడింది కదా అని చాలామంది గ్రీజు కొట్టేస్తారు. గ్రీజు లోపల గట్టిపడి, మరల్లోకి దిగాల్సిన నూనెకి దారి మూసేస్తుంది. నీళ్లు చేరతాయి, ఉక్కు తుప్పు పడుతుంది, ఒకరోజు మరల దగ్గరే విరిగి చక్రం ముడుచుకుపోతుంది. ఖరీదైన కిట్ అక్కర్లేదు, వేళకి నూనె పట్టించే ఓపిక చాలు. ఆ ఓపిక లేకే కదా ఇదంతా.

పోర్ష 914 గోల ఇంకోరకం. బ్యాటరీ ఇంజన్ గదిలో కుడిపక్కన ఉంటుంది. యాసిడ్ కారి ముందు ట్రేని తింటుంది, తర్వాత కింద లాంగిట్యూడినల్‌ని (కారు పొడవునా సాగే బోలు దూలాన్ని), ఆపైన కుడి వెనక సస్పెన్షన్ బిగిసే కన్సోల్‌ని. అక్కడ తుప్పు మీద ప్లేటు వేసి "రీఇన్‌ఫోర్స్ చేశాం" అనేవాళ్లకి దణ్ణం పెట్టాలి. తుప్పు పట్టిన రేకుకి బలం ఎక్కడినుంచి వస్తుంది స్వామీ? మంచి లోహం దొరికేదాకా కోసేయాలి.

ఇక బుష్‌లు. కంపెనీవాళ్లు తెలివి తక్కువై రబ్బరు పెట్టలేదు. ఈ46లో వెనక చక్రాన్ని పట్టుకునే ట్రెయిలింగ్ ఆర్మ్ పైకీ కిందికీ ఊగుతూనే కాస్త మెలి కూడా తిరుగుతుంది. రబ్బరు ఆ మెలిని ఓర్చుకుంటుంది. గట్టి పాలీ బుష్ పెడితే ఆర్మ్ బిగుసుకుంటుంది, రబ్బరు మింగాల్సిన దెబ్బ నేరుగా బ్రాకెట్‌కీ, బ్రాకెట్ బిగిసిన రేకుకీ చేరుతుంది. గట్టిగా కావాలంటే అన్ని వైపులా తిరిగే లోహపు గుండు కీలు, స్ఫెరికల్ బేరింగ్ ఉంది, చప్పుడు భరించగలిగితే. కానీ ఏది బిగించినా రేకు బలపరిచాకే. ఈ వరస తిరగేసిన కారు నడపడానికి భలే ఉంటుంది, కొన్నాళ్లు.

బలపరిచేవాళ్లలోనూ మహానుభావులున్నారు. చదరంగా కోసిన దళసరి ప్లేటు తెచ్చి, చుట్టూ ఏకబిగిన వెల్డు లాగేస్తారు. పల్చటి రేకు వేడికి వంకర పోతుంది. మూలల దగ్గర ఒత్తిడంతా పోగై, పాత పగులు ఆగి కొత్తది ప్లేటు అంచున మొదలవుతుంది. పద్ధతిగా చేసేవాళ్లు ముందు పగులు రెండు కొసల్లో చిన్న రంధ్రం వేస్తారు, అది ఇంకా పాకకుండా. పగులుని గాడిలా గ్రైండ్ చేసి, నింపి, చదును చేస్తారు. ఆ తర్వాతే ప్లేటు. దాని మూలలు గుండ్రంగా ఉండాలి, పక్కనున్న బలమైన అతుకుల దాకా సాగాలి, మధ్యలో ప్లగ్ వెల్డులు (ప్లేటులో రంధ్రాలు వేసి నింపే అతుకులు) పడాలి, అంచు వెంబడి కొంచెం కొంచెంగా, చోటు మార్చుకుంటూ వెయ్యాలి. బ్యాటరీ తీసేయడం, పెట్రోల్ ట్యాంకు దించడం వేరే చెప్పాలా? చెప్పాల్సి వస్తోంది మరి. చివర్లో జింక్ ప్రైమరు, సీలరు, రేకుల మధ్య మూసుకున్న బోలు లోపలికి తుప్పు ఆపే క్యావిటీ వ్యాక్స్. ఇది ఎగ్గొడితే అంత మంచి వెల్డు కూడా లోపల్నుంచి తుప్పు పట్టిపోతుంది.

ఇంత చేయిస్తే "ఒరిజినాలిటీ పోయింది" అంటూ ఒక బ్యాచ్ దిగుతుంది. ఫ్యాక్టరీ స్పాట్ వెల్డులు ఊడిపోయి వేలాడుతున్న కారు మాత్రం ఒరిజినలట! ప్లేట్లు వేసిన కారుకి బేరమాడి, "చెయ్యి పడని" కారుకి ఎక్కువిచ్చి కొనుక్కుపోతున్నారు. నేనైతే పని చేయించిన కారే చూస్తా. ప్లేటు వేయకముందు గీకిన రేకు ఫొటోలు, వేశాక తీసిన ఫొటోలు రెండూ అడుగుతా. అవి లేకుండా నిన్నగాక మొన్న కొట్టిన నల్లటి అండర్‌సీల్ ఒక్కటే చూపిస్తే, సబ్‌ఫ్రేమ్ దించి చూసేందుకయ్యే ఖర్చు ధరలోంచి తగ్గించమంటా.