‘ఇంట్లో అందరం బాగున్నాం’ అనేది చిన్న సాక్ష్యమేం కాదు

కొత్త సంవత్సరం ఆరాధనలో వాగ్దానం కార్డులు (ఏడాదికని ఒక వాక్యం అచ్చేసి ఇచ్చేవి) పంచిన దగ్గర్నుంచీ మనవాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తిరుగుతోంది. హన్మకొండలో మా సంఘం గ్రూపులోకి వచ్చింది, కాజీపేటలో మా చిన్నమ్మ వాళ్ల గ్రూపులోకి వచ్చింది, జగిత్యాల నుంచి మా బావ పంపాడు, ఆయనకు మస్కట్ నుంచి ఎవరో పంపారట. రాసినవాళ్ల పేరు లేదు. అందులో ఉన్న సంగతి ఇది: కుటుంబం అందరికీ ఉంటుంది, దేవుణ్ణి నమ్మనివాళ్లకూ ఉంటుంది, కాబట్టి దాన్ని ప్రత్యేక ఆశీర్వాదం అనుకోవద్దు. దేవుడు నిన్ను చూశాడనడానికి గుర్తు సొంత ఇల్లు, కారు, భూమి, ఫారిన్ ఉద్యోగం. అబ్రాహాము, యోబు ధనవంతులు కారా? యిర్మీయా 29:11, మూడో యోహాను 2, మలాకీ 3:10 చదవండి. ఉన్నదాంతో సరిపెట్టుకోవడం అవిశ్వాసం. ఈ ఏడు ధారాళంగా విత్తండి, అంటే కానుకలివ్వండి, వచ్చే ఏడు సంఘంలో లేచి దేవుడు చేసిన మేలు గురించి సాక్ష్యం చెప్పండి. పది మందికి పంపితే వారంలో శుభవార్త వింటారని కూడా కింద ఉంది, దాని జోలికి నేను పోను.

అబ్రాహాము పేరు చెప్పేవాళ్లు ఆయన కథ మొత్తం చదివితే బాగుండు. ధనవంతుడే, అందులో అనుమానం లేదు, ఆదికాండం 13లో పశువులు, వెండి, బంగారం అన్నీ రాసి ఉన్నాయి. రెండు అధ్యాయాలు దాటితే దేవుడే ఆయనతో నీకు గొప్ప బహుమానం ఉందంటాడు. దానికి ఆ ధనవంతుడి జవాబు: "ప్రభువైన యెహోవా నాకేమి యిచ్చిననేమి? నేను సంతానము లేనివాడనై పోవుచున్నానే." మన మెసేజ్ రాసినాయన పక్కనుంటే, ఇన్ని మందలుంటే ఇంకేం కావాలయ్యా, లేచి సాక్ష్యం చెప్పు అనేవాడేమో. దేవుడు మాత్రం ఆయన్ని కసురుకోలేదు, బయటికి తీసుకుపోయి నక్షత్రాలు లెక్కపెట్టమన్నాడు. మనవడు యాకోబు సంగతీ చూడండి. చేతికర్ర ఒక్కటి పట్టుకుని యొర్దాను దాటినవాడు రెండు గుంపులై తిరిగొచ్చాడు. ఏశావు ఎదురొచ్చి వీళ్లెవరని అడిగితే, దేవుడు దయచేసిన పిల్లలని చెప్పాడు. మందలనైతే అన్నకు కానుకగా ముందే తోలించాడు, వద్దన్నా తీసుకొమ్మని బతిమాలాడు. ఇరవై ఏళ్లు ఎండకూ మంచుకూ ఓర్చి సంపాదించిన పశువులవి.

ఇక యోబు, ఆస్తినీ పిల్లల్నీ ఒక్కసారే పోగొట్టుకుని చివరికి మళ్లీ పొందినవాడు. ఈ పుస్తకం దగ్గర కాస్త ఆగాలి, ఎందుకంటే "రెండంతలు" అనే మాట మన ప్రార్థనల్లో ఎక్కడపడితే అక్కడ వినిపిస్తుంది, లెక్క మాత్రం ఎవరూ సరిచూడరు. మొదటి అధ్యాయంలో 7,000 గొర్రెలు, 3,000 ఒంటెలు, 500 జతల ఎడ్లు, 500 గాడిదలు. చివరి అధ్యాయంలో 14,000 గొర్రెలు, 6,000 ఒంటెలు, 1,000 జతల ఎడ్లు, 1,000 గాడిదలు. సరిగ్గా రెండింతలు. మరి పిల్లలు? మొదట ఏడుగురు కొడుకులు, ముగ్గురు కూతుళ్లు. చివర్లోనూ ఏడుగురు కొడుకులు, ముగ్గురు కూతుళ్లే. ఒంటె పోతే రెండు ఒంటెలతో లెక్క తీరిపోతుంది, పోయిన బిడ్డకు ఇద్దరు బిడ్డల్ని ఇచ్చినా తీరదని ఏ తల్లినడిగినా చెప్తుంది. పుస్తకం ఆ లెక్కలోకి పిల్లల్ని అసలు తీసుకురాలేదని నాకనిపిస్తుంది. పైగా ఆ చివరి అధ్యాయంలో ఒంటెల వివరం ఒక్క వాక్యంలో ముగుస్తుంది, కూతుళ్లకైతే యెమీమా, కెజీయా, కెరెంహప్పుకు అని పేర్లు చెప్పి, అన్నదమ్ములతో పాటు ఆస్తిలో వాటా ఇచ్చాడని కూడా రాశారు. (ఆడపిల్లకు వాటా అనగానే మొహం మాడ్చుకునే పెద్దమనుషులు మన సంఘాల్లోనూ ఉన్నారు, యోబును వాళ్లు ఇంత దూరం చదవరు.) "యెహోవా ఇచ్చెను యెహోవా తీసికొనిపోయెను" అన్న మాట కూడా ఆయన పశువులు పోయిన కబురు విన్నప్పుడు అన్నది కాదు, కబురు వెంట కబురు వచ్చి చివరికి పిల్లల చావు విన్నాక నేల మీద పడి అన్నది. దాన్ని బండికి యాక్సిడెంట్ అయిన రోజు స్టేటస్‌గా పెట్టుకునేంత తేలిక చేసేశాం.

మీ గురించి నా ఉద్దేశాలు మేలుకే గాని హానికి కాదు అని దేవుడు చెప్పే యిర్మీయా 29:11 గురించి పొడుగ్గా చెప్పక్కర్లేదు. అది బబులోనుకు చెరపట్టుకుపోయినవాళ్లకు రాసిన ఉత్తరం, అదే ఉత్తరంలో పై వచనంలో డెబ్బై ఏళ్లు పడుతుందని ఉంది, అంటే విన్న పెద్దవాళ్లలో చాలామంది తిరిగి ఇల్లు చూడరు. ఆ డెబ్బై ఏళ్లూ ఏం చేయమన్నాడు? ఇళ్లు కట్టుకోండి, తోటలు వేసుకోండి, పెళ్లిళ్లు చేసుకుని పిల్లల్ని కనండి, ఆ పిల్లలకు పెళ్లిళ్లు చేయండి అన్నాడు. మూడో యోహాను 2 అయితే గాయు అనే స్నేహితుడికి రాసిన ఉత్తరంలో క్షేమం కోరే మాట. మనం ఉత్తరం మొదట్లో "మీరంతా క్షేమమని తలుస్తాను" అని రాసేవాళ్లం చూడండి, అలాంటిది. దాని మీద సిద్ధాంతం కట్టడం పెద్ద సాహసమే.

దశమభాగం, అంటే రాబడిలో పదో వంతు, తెస్తే పట్టనంత దీవెన కుమ్మరిస్తానని దేవుడు చెప్పే మలాకీ 3:10 దగ్గర నాకు కోపం వస్తుంది, దాచుకోను. దశమభాగం ఇవ్వడం మీద నాకు పేచీ లేదు, మా ఇంట్లోనూ ఇస్తాం. కానీ నాలుగు అధ్యాయాల చిన్న పుస్తకంలో ఒక్క వచనమే పట్టుకుని ఊరేగితే ఎలా? దానికి ముందు అధ్యాయంలో, మీ కానుకల్ని నేను ఎందుకు అంగీకరించడం లేదో తెలుసా, యౌవనంలో పెళ్లాడిన భార్యకు ద్రోహం చేశారు గనుక అంటాడు దేవుడు. అంటే బలిపీఠం మీద కానుక పెట్టినవాడి ఇంట్లో భార్య ఏడుస్తుంటే ఆ కానుక ఆయనకు అక్కర్లేదు. పుస్తకం ముగిసేది కూడా తండ్రుల హృదయాలు పిల్లల వైపు, పిల్లల హృదయాలు తండ్రుల వైపు తిరుగుతాయన్న మాటతోనే. యేసుప్రభువు కాలానికి ఇదే రోగం ఇంకో రూపంలో వచ్చింది. అమ్మానాన్నలకు పెట్టాల్సింది "కొర్బాను", అంటే దేవునికి అర్పించేశాను అని చెప్పి చేతులు దులుపుకునేవాళ్లు ఉండేవారు, మార్కు 7లో ఆయన వాళ్లను ఎంత గట్టిగా నిలదీశాడో చదవండి. నాన్నకు బీపీ మాత్రలు కొనకుండా "విత్తనం" వేయమని ఏ మెసేజ్ చెప్పినా అది ఆయన నిలదీసినవాళ్ల పక్షమే.

"కుటుంబం అందరికీ ఉంటుంది" అనే మాట అసలు నిజమే కాదు. పిల్లల్లేక ప్రతి ఉపవాస ప్రార్థనలోనూ మోకాళ్లూనేవాళ్లు మీ సంఘంలో లేరా? నలభై దాటకముందే భర్త పోయి ఎనుమాముల మార్కెట్లో మిర్చి తొడిమలు తీసే పనికి పోయే అక్కలు లేరా? పొద్దున ఇంటి నుంచి పోయినవాళ్లంతా రాత్రికి తిరిగి రావడం అందరికీ దక్కేది కాదని వాళ్లనడిగితే చెప్తారు. కీర్తన 127 పిల్లల్ని "యెహోవా అనుగ్రహించు స్వాస్థ్యము" అంటుంది, 128 భోజనపు బల్ల చుట్టూ కూర్చున్న పిల్లల్ని ఒలీవ మొక్కలంటుంది. కుటుంబం లేనివాళ్లను కూడా వాక్యం వదిలిపెట్టలేదు. "దేవుడు ఏకాంగులను సంసారులుగా చేయువాడు" అని కీర్తన 68లో ఉంది, యేసు సిలువ మీద ఉండి తల్లిని శిష్యుడికి అప్పజెప్పాడు, ఆయన ఆమెను ఇంటికి తీసుకుపోయాడు. సంఘం చేయాల్సిన పని అది. ఇంకో మాట, తాగొచ్చి కొట్టే భర్తతో బతుకుతున్న చెల్లెలి దగ్గరికి పోయి కుటుంబం దేవుడిచ్చిన వరం, స్తుతించమ్మా అని దయచేసి ఎవరూ చెప్పకండి. ముందు ఆమెను ఆ దెబ్బల నుంచి తప్పించండి.

ఈ మెసేజ్ చేసే నష్టం నేను కళ్లారా చూశాను గనుకే ఇంత రాస్తున్నాను. మొన్న మా కూడికలో ఒకామె సాక్ష్యానికి లేచింది. అంతకుముందు లేచినాయన ప్లాటు రిజిస్ట్రేషన్ సంగతి చెప్పాడు, ఇంకొకాయన కొడుకు అమెరికా వీసా గురించి చెప్పాడు, అందరం చప్పట్లు కొట్టాం. ఈమె తలొంచుకుని, "చెప్పేటంత పెద్దదేం లేదు అయ్యగారూ, మా అత్తమ్మకు నయమైంది, ఇంట్లో అందరం మంచిగున్నం" అని కూర్చుంది. పక్షవాతం వచ్చిన అత్తకు కొన్ని నెలలుగా ఆమే స్నానం చేయించి, ఆమే తినిపించింది, మాకందరికీ తెలుసు. చెప్పేటంత పెద్దదేం లేదని ఆమెతో అనిపించింది మనమే.

"సరిపెట్టుకోవడం అవిశ్వాసం" అనే మాటకు పౌలు తిమోతికి రాసిందే జవాబు: "సంతుష్టి సహితమైన దైవభక్తి గొప్ప లాభసాధనమై యున్నది." దానికి ముందు వచనంలోనే, దైవభక్తిని లాభసాధనం అనుకునేవాళ్ల గురించి రాశాడు, మెచ్చుకుంటూ కాదు. అవిశ్వాసం అనే ముద్ర ఎవరికి వేస్తున్నారో కూడా చూసుకోవాలి. మన మహబూబాబాద్ జిల్లా డోర్నకల్‌కు తిరునెల్వేలి నుంచి సొంత ఊరు వదిలి అజరయ్య గారు వచ్చారు, 1912లో ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్ అయ్యారు, భార్య అన్బు గారు ఆ పనిలో ఆయనతో పాటు నిలబడ్డారు. వాళ్ల చుట్టూ చేరిన విశ్వాసుల్లో ఎక్కువ మంది భూమి లేని మాల, మాదిగ కూలీలు. 1939లో ప్రతిష్ఠ జరిగిన డోర్నకల్ కెథడ్రల్ ఆ జనం గుడి. మన ఊళ్లల్లో వంటకు కూర్చునే ముందు పిడికెడు బియ్యం దేవునికి పక్కన తీసే అలవాటు ఉండేది, మా నాయనమ్మ కూడా తీసేది. ఆ పిడికెడు తీసేది ఆ పూట ఇంట్లో తినబోయేవాళ్ల కుండలోంచే. ఈ మనుషులకు ఇంత అన్నం దొరికిందని చెప్పే కృతజ్ఞత అది. వచ్చే ఏడు కారొస్తుందని పెట్టిన పెట్టుబడి కాదు. వాళ్లది అవిశ్వాసమా?

ఇక ఫారిన్ ఉద్యోగం. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ వైపు నుంచి గల్ఫ్ పోయినవాళ్లను నేను ఒక్క మాటా అనను. బోర్లు ఎండిపోయి, అప్పు మీద అప్పయ్యి, చెల్లె పెళ్లికో పిల్లల ఫీజుకో పోయినోళ్లు వాళ్లు. ఇంటివాళ్లను పోషించనివాడు అవిశ్వాసి కంటే చెడ్డవాడని పౌలు అన్న మాటకు వాళ్లే నిజంగా లోబడుతున్నారు. అయితే ఆ ఊళ్ల సంఘాల్లో ఆదివారం చిట్టీల మీద రాసిచ్చే ప్రార్థన విన్నపాలు ఒకసారి వినండి. ఇంకో అంతస్తు కట్టాలని ఎవరూ రాయరు. మా ఆయనకు లీవు దొరకాలి, మా వాడి పాస్‌పోర్టు కఫీల్ (అక్కడ పనిలో పెట్టుకున్న యజమాని) ఇచ్చేయాలి, బిడ్డ పెళ్లికి వాళ్ల నాన్న అందాలి. రెండంతస్తుల ఇంట్లో ఒక్కతే కూర్చుని బీడీలు చుట్టుకునే తల్లికి ఏది ఆశీర్వాదమో, ఏది దానికోసం కట్టిన ధరో బాగా తెలుసు. మన వాగ్దానం కార్డుల మీద ఎక్కువగా కనిపించే "తలగా నియమించును, తోకగా కాదు" అనే మాట ద్వితీయోపదేశకాండం 28లోది. ఆ అధ్యాయం దీవెనలు చెప్పేటప్పుడు పంట కంటే, పశువుల కంటే ముందు గర్భఫలాన్ని చెప్తుంది. ఇల్లు కట్టుకుని అందులో ఉండలేకపోవడం, పిల్లల కోసం ఎదురుచూసి కళ్లు క్షీణించడం అదే అధ్యాయంలో శాపాల కింద ఉన్నాయి. గల్ఫ్ కుటుంబాల మీద శాపం ఉందని నేననడం లేదు, అలా అనేవాళ్ల నోరు మూయించాలి. దాన్ని వాక్యం నష్టంగా లెక్కేసింది అంటున్నాను, మెసేజ్ లాభంగా లెక్కేసింది.

ఇల్లు కట్టుకుంటే కృతజ్ఞత కూడిక పెట్టుకోవద్దా అని ఎవరైనా అడుగుతారు. పెట్టుకోండి, పిలిస్తే నేనూ వస్తా, భోజనం చేసే వెళ్తా. కాకపోతే భూమి దొరికిందని సాక్ష్యం చెప్పేముందు లూకా 12 ఒకసారి చూడండి. ఆస్తిలో నా పాలు పంచి ఇమ్మని మా అన్నతో చెప్పు బోధకుడా అని ఒకడు యేసు దగ్గరికి వస్తే, మీ మీద పంచాయతీ చేయడానికి నన్నెవరు నియమించారని అడిగి, ఒకడి కలిమి విస్తరించడం వాడి జీవానికి మూలం కాదన్నాడు ఆయన. వరంగల్ చుట్టూ భూముల రేట్లు పెరిగిన తర్వాత అలాంటి అన్నదమ్ములు మనకు కొత్తేం కాదు. ఒకాయన ఒక సంఘంలో, ఇంకొకాయన ఇంకో సంఘంలో దేవుడు నాకు ఈ భూమి ఇచ్చాడని సాక్ష్యం చెప్తుంటారు, సర్వే నంబరు ఇద్దరిదీ ఒకటే, కేసు వాయిదా మీద వాయిదా పడుతూ ఉంటుంది, అమ్మ మాత్రం కూతురి దగ్గర ఉంటుంది.