హద్దురాయి పాతినవాళ్లే పీకేస్తే?

కర్ణాటకలో దేవనహళ్లి దగ్గర చన్నరాయపట్న హోబళి (కొన్ని ఊళ్లు కలిసిన రెవెన్యూ విభాగం)లో 13 ఊళ్ల రైతులు 1,777 ఎకరాల భూసేకరణను మూడేళ్లకు పైగా ఎదిరించారు. 2025 జూలై 15న ముఖ్యమంత్రి సిద్ధరామయ్య ఆ సేకరణను వదులుకుంటున్నట్టు ప్రకటించారు. కంటి ఆపరేషన్ కోసం వెంకటగిరి నుంచి బెంగళూరు వచ్చి అక్క ఇంట్లో ఉన్న మా పెదనాన్నకూ, ఆస్తి కేసులు చూసే లాయరైన శారదక్కకూ ఆ వార్త మీదే వాదన మొదలైంది. పెదనాన్న సర్వే శాఖలో ముప్పై ఏళ్లు పనిచేసి రిటైరయ్యారు. ఆ సాయంత్రం విన్నది గుర్తున్నంతవరకు రాస్తున్నాను.

పెదనాన్న: రైతులు గెలిచారంటే నాకూ సంతోషమే. నువ్వు చెప్పే కారణమే తప్పమ్మా. భూమి రైతుది, మధ్యలో సర్కారెవరు అంటున్నావు. అసలు సర్కారే లేకపోతే ఆ భూమి రైతుదని ఎవరు చెప్పాలి?

శారద: దున్నినవాడి చెమట చెబుతుంది పెదనాన్నా. ఎవరిదీ కాని నేలలో మనిషి తన కష్టం కలిపితే అది అతనిదవుతుందని ఇంగ్లీషు తత్వవేత్త జాన్ లాక్ 1689లోనే అన్నాడు. ఆ హక్కును కాపాడమనే జనం ప్రభుత్వాన్ని పెట్టుకున్నారు. కాపలాకు పెట్టుకున్నవాడు ఇంటికి యజమాని ఎలా అవుతాడు?

పెదనాన్న: ఎవరిదీ కాని నేలా? నా సర్వీసులో ఒక్క సెంటు కూడా చూడలేదు. చూసినవన్నీ గట్టు తగాదాలే. ఒక ఊళ్లో ఒకాయన దుక్కి దున్నినప్పుడల్లా పక్క చేలోకి ఒక చాలు ఎక్కువ వేసేవాడు. ఆ చేను ఒక ముసలమ్మది, అడిగే దిక్కు లేదు. ఆమె అర్జీ పెట్టుకుంటే వెళ్లి గొలుసు లాగించాను. 66 అడుగుల గొలుసు, 100 లింకులు. లెక్క ప్రకారం తవ్విస్తే జానెడు లోతున రాయి తగిలింది. గట్టు దాన్ని దాటి ఆరడుగులు ఇవతలికి వచ్చేసింది. ఆమె గుంటలోకి చెయ్యిపెట్టి ఆ రాయిని తడుముకుంటూ ఏడ్చింది. ఆమె చెమట ఆమెను కాపాడలేదు శారదా. ఆ రాయి కాపాడింది. ఆ రాయి సర్కారుది.

శారద: మీరు ఇంకో ఇంగ్లీషు తత్వవేత్త హాబ్స్ మాటే చెబుతున్నారు. అందరినీ అదుపులో పెట్టే అధికారం లేనిచోట నాది, నీది అనేవే ఉండవని ఆయన 1651లో రాశాడు. కానీ ఇంకో మాట కూడా అన్నాడు. నీ ఆస్తి హక్కు తోటి ప్రజల్ని ఆపడానికే పనికొస్తుంది, ఏలికను ఆపడానికి కాదన్నాడు. ముసలమ్మను పక్క రైతు నుంచి మీరు కాపాడారు. సర్కారే వచ్చి ఆ చేను కావాలంటే ఆమెను కాపాడేదెవరు?

పెదనాన్న: కోర్టులున్నాయి.

శారద: మన రాజ్యాంగంలో మొదట ఆస్తి ప్రాథమిక హక్కు. 1978లో 44వ సవరణతో దాన్ని తీసేసి 300ఎ అధికరణంగా పెట్టారు. చట్టప్రకారం తప్ప ఎవరి ఆస్తినీ తీసుకోకూడదని అది చెబుతుంది. ఆ చట్టం చేసేది మాత్రం తీసుకునేవాళ్లే.

పెదనాన్న: ఆ హక్కు పట్టుకుని మొదట కోర్టులకెక్కింది ఎవరో కూడా చెప్పు. జమీందార్లు. అందుకే 1951లో మొదటి సవరణ చేసి, భూసంస్కరణ చట్టాల్ని కోర్టులు కొట్టేయకుండా తొమ్మిదో షెడ్యూలు తేవాల్సి వచ్చింది. మీ తాత వెంకటగిరి జమీనులో రైతు. 1948లో మద్రాసు ప్రభుత్వం ఎస్టేట్ల రద్దు చట్టం తేకపోతే ఆయన పేరున రైత్వారీ పట్టా వచ్చేదా? ఆ కాగితం ఇప్పటికీ నా పెట్టెలో ఉంది. ఆ చేను అమ్మిన డబ్బుతోనే మీ నాన్న నిన్ను లా చదివించాడు.

(అక్క కాసేపు మాట్లాడలేదు. నాకూ జవాబు తోచలేదు. తాత పట్టా గురించి మేమెప్పుడూ అలా ఆలోచించలేదు.)

శారద: పట్టా రాకముందు కూడా ఆ చేను దున్నింది తాతే కదా. మరి అది జమీందారుదని ఎవరన్నారు? 1802లో ఈస్టిండియా కుంపిణీ వాళ్లు సన్నదులు రాసిచ్చారు. శిస్తు వసూలు చేసేవాణ్ని ఒక్క కాగితంతో భూమికి యజమానిని చేశారు. 1948లో సర్కారు దిద్దింది పాత సర్కారు చేసిన తప్పునే. తాతకు అది భూమి ఇవ్వలేదు, ఆయనదేనని ఒప్పుకుంది.

పెదనాన్న: ఒప్పుకునేవాడు లేకపోతే ఉన్నా లేనట్టే. నీ ఫ్లాటే చూడు. పైసా పైసా కూడబెట్టి కొన్నావు. బి-ఖాతా, అంటే నగరపాలిక రికార్డులో పూర్తిగా సక్రమం కాని ఆస్తి, అనేసరికి బ్యాంకువాళ్లు లోను కుదరదన్నారు.

శారద: నా టెన్షన్ కూడా అదే. రిజిస్టరు రాసేదీ, భూమి తీసుకునేదీ ఒకే చెయ్యి. ఆంధ్రాలో 2022 నాటి భూహక్కు చట్టానికి జనం ఎందుకంత భయపడ్డారు? హక్కు ఎవరిదో ముందు సివిల్ కోర్టు కాకుండా ఒక అధికారి తేలుస్తాడన్నందుకే. చివరికి 2024లో దాన్ని రద్దు చేశారు.

పెదనాన్న: అలాగని రికార్డే వద్దంటే మునిగేది చిన్న రైతు. ఉన్నవాడికి నీలాంటి లాయర్లుంటారు.

శారద: రికార్డు వద్దనట్లేదు. రాయి మీరే పాతండి, పీకేటప్పుడు మాత్రం రైతును అడగండి. 2013 భూసేకరణ చట్టం కొంతవరకు ఆ పనే చేసింది. ప్రైవేటు కంపెనీకైతే 80 శాతం, ప్రభుత్వంతో కలిసి కట్టేదైతే 70 శాతం కుటుంబాలు ఒప్పుకోవాలి. దేవనహళ్లిలో వాడింది అది కాదు, 1966 నాటి రాష్ట్ర పారిశ్రామిక ప్రాంతాల చట్టం. అందులో ఈ సమ్మతి లెక్క లేదు.

పెదనాన్న: అందర్నీ అడుగుతూ కూర్చుంటే రోడ్డు పడదు, చెరువు తవ్వలేం. మొన్న నన్ను ఆసుపత్రికి మెట్రోలో తీసుకెళ్లావు. ఆ దారికి స్థలం ఎవరో ఒకరు ఇచ్చారు కదా.

శారద: మెట్రో అందరూ ఎక్కుతారు. ఒకరి చేను తీసి ఇంకొకరి కంపెనీకి ఇవ్వడం ఏ న్యాయం? అమెరికాలో న్యూ లండన్ అనే ఊరు అలాగే ఇళ్లు తీసుకుంటే, 2005లో కెలో కేసులో వాళ్ల సుప్రీంకోర్టు 5–4 తేడాతో సరేనంది. తర్వాత అక్కడ అనుకున్నదేదీ కట్టలేదు. ఏళ్ల తరబడి బీడుపడింది. మీరెప్పుడైనా సేకరణ సర్వేకి వెళ్లారా?

పెదనాన్న: వెళ్లాను. పాత 1894 భూసేకరణ చట్టం కింద. అత్యవసరమని 17వ సెక్షన్ పెట్టారు, అంటే అభ్యంతరాలు వినక్కర్లేదు. చేలో వేరుశెనగ, కాయ ఊరుతోంది. పదిహేను రోజులు ఆగితే పీక్కుంటానని ఆ రైతు బతిమాలాడు. ఆగే అధికారం నాకు లేదు. పంట మధ్యలోంచే గొలుసు లాగించాను.

శారద: ఇప్పుడక్కడ ఏం కట్టారు?

(పెదనాన్న కంటి మీద కట్టు సరిచేసుకున్నారు.)

పెదనాన్న: ఏమీ కట్టలేదు. అంతా సర్కారు తుమ్మే. నేను పాతించిన రాళ్లు ఆ చెట్ల మధ్య ఇంకా ఉన్నాయి.