కోర్టు మార్షల్‌లో సివిల్ లాయర్‌కు చోటు లేదన్న మాట ఎంతవరకు నిజం?

సైన్యంలో పనిచేసే మనవాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఒక సందేశం తరచూ తిరుగుతూ ఉంటుంది. కోర్టు మార్షల్‌లోకి, అంటే సైనికుల నేరాలను విచారించే సైనిక కోర్టులోకి, బయటి లాయర్‌ను రానివ్వరనీ, యూనిట్ ఇచ్చే అధికారి ఉంటే చాలుననీ, తప్పు ఒప్పుకుంటే తేలిగ్గా పోతుందనీ, లాయర్‌ను పెట్టుకుంటే పైవాళ్లకు కోపం వస్తుందనీ, తీర్పు వచ్చాక ఇక దారే లేదనీ దాని సారాంశం. ఇంటికొక సైనికుడున్న ఊరిగా పేరుపడ్డ పశ్చిమ గోదావరి జిల్లా మాధవరం వంటి చోట్ల దీన్ని ఎవరైనా నమ్మితే జరిగే నష్టం చిన్నది కాదు. అందుకే ఒక్కో మాటనూ చట్టం ముందు పెట్టి చూడవలసి వస్తోంది.

లాయర్‌ను రానివ్వరన్న మొదటి మాట తప్పు. 1950 నాటి సైనిక చట్టం కింద 1954లో చేసిన నియమాలలో 95వది, పలువురు అధికారులు సభ్యులుగా కూర్చునే జనరల్, డిస్ట్రిక్ట్ కోర్టు మార్షళ్లలో నిందితుడు లాయర్ ద్వారా గాని, డిఫెండింగ్ ఆఫీసర్ అనే సైనికాధికారి ద్వారా గాని వాదించుకోవచ్చునని చెబుతుంది. అయితే లాయర్‌ను హాజరుకానివ్వడం తగిన పనేనని సైన్యాధిపతి గాని, ఆ కోర్టును ఏర్పాటు చేసిన అధికారి గాని ప్రకటించాలని 96వ నియమం షరతు పెట్టింది. లాయర్‌ను పెట్టుకోదలిస్తే ఆ సంగతి ముందుగా తెలియజేయాలని దాని తర్వాతి నియమం చెబుతుంది. కాబట్టి ఇది ఏ షరతూ లేని హక్కు కాదు, అలాగని మూసేసిన తలుపూ కాదు. లిఖితపూర్వకంగా, గడువులోగా అడగవలసిన విషయం.

ఈ అపోహకు మూలం సమ్మరీ కోర్టు మార్షల్ అయి ఉంటుందని నా అనుమానం. జవాన్లు, హవల్దార్లు ఎక్కువగా ఎదుర్కొనేది దీన్నే. ఇందులో కమాండింగ్ ఆఫీసర్ ఒక్కరే కోర్టు. మరో ఇద్దరు కూర్చుంటారు గాని, వాళ్లు ప్రమాణం చేయరు, తీర్పులో వాళ్లకు పాత్ర ఉండదు. 129వ నియమం ఇక్కడ కూడా లాయర్‌ను ‘నిందితుడి మిత్రుడు’గా పక్కన కూర్చోనిస్తుంది, కానీ నోరు విప్పనివ్వదు. సాక్షిని అడగవలసిన ప్రశ్నను ఆయన చీటీ మీద రాసి ఇవ్వవచ్చు. దాన్ని పైకి చదివి, నిన్నటిదాకా తనకు డ్యూటీలు వేసిన హవల్దార్‌ను ప్రశ్నించవలసింది మాత్రం ఆ జవానే. ఇంత ఇబ్బందికరమైన ఏర్పాటు కాబట్టే, ఏ కోర్టు మార్షల్ జరుగుతోందన్నది మొదట తేల్చుకోవాలి. సమ్మరీ కోర్టు మార్షల్ మినహాయింపుగానే ఉండాలనీ, తక్షణం చర్య తీసుకోవలసిన అవసరాన్ని చూపాలనీ 2016లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ అవసరం లేదన్న అభ్యంతరాన్ని కాగితం మీద పెట్టించడం లాయర్ చేయగలిగిన మొదటి మేలు.

యూనిట్ అధికారి చాలుననే మాటలో కొంత నిజం లేకపోలేదు. శ్రద్ధ గల డిఫెండింగ్ ఆఫీసర్లు ఉన్నారు. రెజిమెంటు తీరుతెన్నులు బయటి లాయర్ కంటే వాళ్లకే బాగా తెలుసు. కానీ డిఫెండింగ్ ఆఫీసర్ న్యాయశాస్త్రం చదివి ఉండాలన్న నిబంధన లేదు. మూడేళ్ల కాలపరిమితి విధించే 122వ సెక్షన్ గాని, ఒకే నేరానికి రెండోసారి విచారణ కూడదనే 121వ సెక్షన్ గాని జవాను కేసుకు వర్తిస్తుందో లేదో తేల్చడం ఆ పని అలవాటైనవాళ్లకే సులువు. ఇద్దరినీ కలిపి వాడుకోవడానికి అడ్డేమీ లేదు.

ఒప్పుకుంటే తేలిగ్గా పోతుందన్న సలహా అన్నిటికంటే ప్రమాదకరమైనది. లెఫ్టినెంట్ కల్నల్ హోదా, ఆపై హోదా గల కమాండింగ్ ఆఫీసర్ సమ్మరీ కోర్టు మార్షల్‌లో ఏడాది వరకు జైలు వేయవచ్చు, ఉద్యోగం నుంచి డిస్మిస్ కూడా చేయవచ్చు. డిస్మిస్ అయినవారికి సాధారణంగా పెన్షన్, గ్రాట్యుటీ రావు. అంటే పదిహేనేళ్ల సర్వీసుకు ఒక్క సంతకంతో నీళ్లొదులుకున్నట్టే. ఒప్పుకోలును నమోదు చేసే ముందు అభియోగం నిందితుడికి అర్థమైందో లేదో, ఒప్పుకుంటే ఏమవుతుందో తెలుసో లేదో కోర్టు నిర్ధారించుకోవాలని, సాక్ష్యాల సారాంశం (విచారణకు ముందే సాక్షుల మాటలను రాసిపెట్టే కాగితం) చూస్తే ఒప్పుకోవలసిన పని లేదనిపించినప్పుడు వెనక్కు తీసుకోమని చెప్పాలని 115వ నియమం అంటుంది. అసలు నిందితుడి సంతకమే లేని ఒప్పుకోళ్లు తర్వాత కోర్టుల్లో పదే పదే వివాదమయ్యాయి. లాయర్‌తో మాట్లాడవలసింది విచారణ రోజున కాదు. సాక్ష్యాల సారాంశం రాసుకునే దశకు ముందే. ఆ గదిలోకి లాయర్ రాకపోయినా, సాక్షులకు అడ్డు ప్రశ్నలు వేసే అవకాశం అక్కడ జవానుకు ఉంటుంది. ఏం అడగాలో తెలిసి వెళ్లడం వేరు, తలూపి రావడం వేరు.

పైవాళ్ల కోపం సంగతి. రక్షణకు సిద్ధమయ్యే అవకాశాన్నీ, లాయర్‌తోనూ సాక్షులతోనూ మాట్లాడుకునే వీలునూ 33వ నియమమే కల్పిస్తోంది. అభియోగం తెలిపిన తర్వాత విచారణకు కనీసం 96 గంటలు, క్రియాశీల సేవలో (యుద్ధం వంటి చర్యల్లో) ఉంటే 24 గంటలు వ్యవధి ఉండాలి. జనరల్, డిస్ట్రిక్ట్ కోర్టుల్లో పక్షపాతం ఉందనుకున్న సభ్యుడి మీద అభ్యంతరం చెప్పడానికి 130వ సెక్షన్ ఉంది. చట్టం ఇచ్చినదాన్ని అడిగితే ఎవరికైనా కోపం వస్తే, అది రికార్డులోకి ఎక్కించదగ్గ విషయమే.

దారే లేదన్నది ఒకప్పుడు సగం నిజం. అప్పట్లో పై అధికారులకు పిటిషన్, హైకోర్టులో రిట్ తప్ప సాక్ష్యాలను తిరిగి తూచే అప్పీలు లేదు. ఆ లోటును సుప్రీంకోర్టు 1982లోనే ఎత్తిచూపింది. 2007 చట్టంతో ఏర్పడి 2009లో పని మొదలుపెట్టిన సాయుధ దళాల ట్రిబ్యునల్ కోర్టు మార్షల్ తీర్పులపై అప్పీళ్లు వింటుంది. అక్కడ నచ్చిన లాయర్‌ను పెట్టుకునే హక్కు చట్టంలోనే ఉంది, నోరు విప్పకూడదనే అడ్డంకి లేదు. ట్రిబ్యునల్ ఉత్తర్వులపైన హైకోర్టులో రిట్ వేయవచ్చని సుప్రీంకోర్టు 2023 మార్చిలో స్పష్టం చేసింది. ఒక్క మెలిక మాత్రం ఉంది. సమ్మరీ కోర్టు మార్షల్ తీర్పు డిస్మిస్ గాని, మూడు నెలలకు మించిన జైలు గాని అయితేనే ట్రిబ్యునల్ తలుపు తెరుచుకుంటుంది. తెలుగు రాష్ట్రాలవారికి ఆ తలుపు చెన్నై బెంచ్‌లో ఉంది. అక్కడికి పోయే లాయర్ మొదట అడిగేవి అభియోగపత్రం, సాక్ష్యాల సారాంశం, విచారణ రికార్డు. ఈ మూడింటి నకళ్లు యూనిట్‌లో ఉండగానే సంపాదించుకున్న జవాను పని సగం తేలికవుతుంది.