తోడల్లుడితో ఒకే సముద్రంలో

స్కూబా డైవింగ్‌లో ఒంటరిగా దిగనివ్వరు, పక్కన ఒక బడ్డీ ఉండాల్సిందే. మన సిలిండర్‌లో గాలి అయిపోతే అతని జాకెట్‌కి వేలాడే పసుపు రంగు ఆక్టోపస్ అందుకుని పీల్చుకోవాలి. కంగారు పడకండి, ఆక్టోపస్ అంటే పక్కవాడి కోసం ఉంచే రెండో మౌత్‌పీస్. ఇంత బాధ్యత ఉన్న మనిషికి డైవర్లు పెట్టే పేర్లలో మాత్రం మర్యాద తక్కువ. గాలంతా గబగబా పీల్చేసి మన డైవ్ కూడా ముందే ముగించేవాడు ‘ఎయిర్ హాగ్’, అంటే గాలి పంది. పడవలో అప్పటికప్పుడు అంటగట్టిన ముక్కూ మొహం తెలియనివాడు ‘ఇన్‌స్టా బడ్డీ’. దిగాక మనవైపే చూడనివాడు ‘సేమ్ ఓషన్ బడ్డీ’. ఇద్దరూ ఒకే సముద్రంలో ఉన్నారు, అంతకుమించి చుట్టరికం లేదు.

అండమాన్‌లోని హేవ్‌లాక్‌లో (2018లో స్వరాజ్ ద్వీప్ అని పేరు మార్చారు) నాకు దొరికిన బడ్డీ మా తోడల్లుడు. ఇద్దరికీ 18 మీటర్ల దాకా దిగే ఓపెన్ వాటర్ కార్డులున్నాయి. అతనికి అదనంగా ఒక కొత్త కెమెరా ఉంది.

“ఇన్‌స్టా బడ్డీలు మనకెందుకన్నయ్యా? మన ఫొటోలు వాళ్ళు పెట్టుకుంటారు,” అన్నాడు.

దూకే ముందు ఒకరి జాకెట్, బరువులు, బకిల్స్, గాలి ఒకరు చూసుకోవాలి. నేను అతనివన్నీ లాగి లాగి చూశాను. అతను నన్ను కెమెరాలోంచి చూసి, “బాగానే ఉన్నారు” అన్నాడు.

పన్నెండు మీటర్ల లోతులో, పగడపు రాయి మీద గోరంత నూడిబ్రాంక్ (పెంకు లేని సముద్రపు నత్త) ఒకటి కనబడింది. ఊదా ఒళ్ళు, పసుపు అంచు. అంతే, మా తోడల్లుడు ఆ రాయి ముందు తలకిందులుగా నిలబడిపోయాడు. గ్రూపు ముందుకు సాగిపోతోంది. సిలిండర్ మీద టంగు టంగుమని కొట్టాను. గ్రూపంతా వెనక్కి తిరిగింది, అతను తప్ప. ఇంతలో ఇంకో పడవ వాళ్ళు మా మీదుగా వెళ్తూ కాళ్ళకి తొడుక్కునే ఫిన్స్‌తో ఇసుకంతా లేపేశారు. అది తేరుకునేసరికి రాయి ఉంది, నూడిబ్రాంక్ ఉంది, తోడల్లుడు లేడు.

బడ్డీ తప్పిపోతే ఒక్క నిమిషం వెతికి, నెమ్మదిగా పైకి వచ్చి ఎదురుచూడాలి. ఇద్దరూ అలాగే చెయ్యాలి, అక్కడే కలుసుకోవాలి. నేను వచ్చి పడవ తాడు పట్టుకుని ఎండలో తేలుతున్నాను. కాసేపటికి గ్రూపూ వచ్చేసింది. డైవ్‌మాస్టర్ తలలు లెక్కపెట్టాడు, మళ్ళీ లెక్కపెట్టాడు. అతని టెన్షన్ చూస్తే మా మరదలికి ఏం చెప్పాలో తోచక నాకు చెమటలు పట్టాయి, నీళ్ళలోనే.

“అన్నయ్యా! మీరు ఆ పడవలో ఎందుకున్నారు?”

యాభై గజాల అవతల ఇంకో పడవ. అందులో మా తోడల్లుడు, చేతిలో పుచ్చకాయ ముక్క.

జరిగిందిది. ఇసుకలో అతనికి ఒక జత నీలం ఫిన్స్ కనబడ్డాయి. అద్దె ఫిన్స్ అన్నీ నీలమే, నావే అనుకుని వెంటపడ్డాడు. అవి ఒక విదేశీ అమ్మాయివి. పాపం, ఆమె బడ్డీ కూడా అప్పుడే ఎటో పోయాడట. ఈయన ఓకే అన్నట్టు వేళ్ళు చుట్టి చూపిస్తే ఆమె కూడా చూపించింది. చివర్లో ఆమె బొటనవేలు పైకెత్తింది. డైవర్ల భాషలో అది ‘పైకి వెళ్దాం’. తన ఫొటో అదిరిందంటోంది అనుకుని ఈయనా ఎత్తాడు. ఒప్పుకున్నట్టు లెక్క. ఇద్దరూ చక్కగా, పద్ధతిగా పైకి వచ్చారు. నాతో ఒక్కసారి కూడా అంత పద్ధతిగా డైవ్ చెయ్యలేదు ఈ మనిషి!

పైగా డైవ్‌ల వివరాలు రాసుకునే లాగ్‌బుక్‌లో బడ్డీ సంతకం ఉండే చోట ఆమెతో సంతకం పెట్టించుకున్నాడు. పక్కన ఆమె ఒక గుండె బొమ్మ కూడా గీసింది. రాత్రి హోటల్‌లో అది మరదలి కంట పడింది.

“ఎవరీవిడ?”

మా తోడల్లుడు తడుముకోలేదు. కెమెరా తుడుచుకుంటూ నావైపు చూపించాడు. “బావగారినే అడుగు. కింద నన్ను ఒంటరిగా వదిలేసి పైకి పోయిందెవరో చెబుతారు.”

మరదలు లాగ్‌బుక్ మూసి నావైపు తిరిగింది.