మీ పాటలు 23 ముక్కలుగా సిద్ధంగా ఉన్నాయి

"శుభవార్త! మీ పాటల సేకరణ డౌన్‌లోడ్‌కు సిద్ధంగా ఉంది. మీ సౌకర్యం కోసం దాన్ని 23 జిప్ ఫైళ్లుగా విభజించాం. ఈ లింకులు ఏడు రోజుల వరకే పనిచేస్తాయి."

ఈ మెయిలు పంపిన కంపెనీ పేరు చెప్పను. చెప్పినా ఒరిగేదేమీ లేదు, మీరు ఏ గుమ్మం తొక్కినా మర్యాద ఇలాగే ఉంటుంది. మన సౌకర్యం కోసం ఎవరైనా ఏదైనా చేశామన్నప్పుడు ముందు జేబు తడుముకోవాలని ఈ వయసుకు మనందరికీ తెలుసు కాబట్టి, నేనూ తడుముకున్నాను. జేబులో పాటలు లేవు. అవి మబ్బులో ఉన్నాయి, అదే, క్లౌడ్ అంటారే, ఆ కంపెనీ కంప్యూటర్లలో.

పాటలు ఎవరివి అంటారా? నావే. అద్దెకు తెచ్చుకున్నవి కావు. కొన్న క్యాసెట్లు, కొన్న సీడీలు, ఇంట్లో రికార్డు చేసుకున్నవి, చుట్టాల పెళ్లిళ్లలో పాడినవి, అన్నీ ఓపిగ్గా ఎంపీ3లు చేసి పెట్టుకున్నవి. దాదాపు తొమ్మిది వేలు. 128 కేబీపీఎస్ నాణ్యతలో ఎంపీ3 అంటే నిమిషానికి సుమారు ఒక ఎంబీ. ఐదు నిమిషాల పాటకు ఐదు ఎంబీ చొప్పున లెక్క కడితే మొత్తం 45 జీబీ. చిటికెన వేలి గోరంత మెమరీ కార్డులో పట్టి, ఇంకా చోటు మిగులుతుంది. ఆ గోరంత సరుకును తిరిగి ఇవ్వడానికి ప్రపంచంలోనే పెద్ద కంప్యూటర్లున్న సంస్థ 23 మూటలు కట్టింది.

తీసుకునేటప్పుడు ఈ మూటలు లేవు. ఫోల్డరు చూపించి పడుకుంటే తెల్లారేసరికి వందల పాటలు గుటుక్కున మింగేది. గడువు లేదు, ముక్కలు లేవు, "మీరు మీరేనా?" అన్న ప్రశ్న లేదు. ఇవ్వాల్సి వచ్చేసరికి ఎక్కడలేని క్రమశిక్షణ పుట్టుకొచ్చింది. ప్రతి మూటకూ పాస్‌వర్డు మళ్లీ కొట్టాలి. 97 శాతం దాకా వచ్చి "నెట్‌వర్క్ లోపం" అంటుంది. మళ్లీ నొక్కితే 97 నుంచి కాదు, సున్నా నుంచి మొదలు. అలా ఒక్కో మూటకు ఇన్నిసార్లే అని పరిమితి కూడా ఉంది. ఎందుకంటే, పాపం, మన పాటలు మనమే ఎత్తుకుపోతామేమోనని వాళ్ల భయం.

ఇదే పద్ధతిని మా వరంగల్ ఎనుమాముల మార్కెట్ దగ్గరున్న కోల్డ్ స్టోరేజీలో పెడితే ఎలా ఉంటుందో ఒక్కసారి చూద్దాం. నర్సంపేట వైపు నుంచి ఒక రైతు ఫిబ్రవరిలో నలభై బస్తాల చపాటా మిర్చి తెచ్చాడు. ధర లేదు. కోల్డ్ స్టోరేజీలో పెట్టి రసీదు తీసుకున్నాడు. ఆగస్టులో ధర కాస్త కదిలింది. వచ్చాడు.

"సేటు, నా బస్తాలు నాకియ్యి."

"నమస్కారం. మీ అభ్యర్థన స్వీకరించబడింది. మీ మిర్చి సిద్ధమవుతోంది. దీనికి కొన్ని గంటలు గానీ, కొన్ని రోజులు గానీ పట్టవచ్చు."

"సిద్ధమేంది సేటు? గవ్వే కనవడుతున్నయి గదా, నీలం దారం కుట్టినయి."

"చూడటానికి అనుమతి ఉంది. ఇక్కడే నిలబడి ఎంతసేపైనా వాసన కూడా చూడవచ్చు. నెలనెలా చందా కడితే మధ్యలో ప్రకటనలు రావు. ఇంటికి తీసుకెళ్లాలంటే మాత్రం వేరే దరఖాస్తు."

మూడో రోజు ఫోను. మిర్చి సిద్ధం. రైతు ట్రాలీ ఆటో మాట్లాడుకుని వస్తే, నలభై బస్తాలు 23 మూటలయ్యాయి. మొదటి బస్తాలో సగం నాలుగో మూటలో, మిగతా సగం పంతొమ్మిదో మూటలో. కాయలకు తొడిమలు లేవు, తొడిమలన్నీ విడిగా ఒక మూట. ఒక్కో కాయకూ ఒక్కో చీటీ రాశారు: ఏ రోజు వచ్చింది, బరువెంత, ఎన్నిసార్లు వాసన చూశారు. చీటీలన్నీ ఒక గుట్ట, కాయలన్నీ ఒక గుట్ట. ఏ చీటీ ఏ కాయదో రైతు తీరిగ్గా ఇంటికెళ్లి జతపెట్టుకోవాలి.

సరే, ఆటోకు ఎత్తారు. ఆటో గేటు దాకా పోయింది. ముందు చక్రం రోడ్డు మీద, వెనక చక్రాలు గేటు లోపల. సేటు చెయ్యి ఎత్తాడు. "కనెక్షన్ తెగిపోయింది. బస్తాలన్నీ మళ్లీ లోపలికి దించండి. మొదటి నుంచి ఎత్తుదాం."

హమాలీలు ఏమన్నారో ఇక్కడ రాయలేను.

ఎత్తారు, దించారు, ఎత్తారు. చివరికి రైతు ఒక మూట విప్పి చూస్తే లోపల తేజ మిర్చి. "సేటు, నేను వెట్టింది చపాటా. గుండ్రంగ, ఎర్రగ, టమాటా లెక్కుంటది. పచ్చడికి దానికి మించింది లేదు. 2025ల జీఐ ట్యాగ్ గూడ అచ్చింది."

"మీ సరుకును మా దగ్గరున్న సరుకుతో పోల్చి చూశాం. రెండింటి పేరూ మిర్చే. కాబట్టి మీది తీసేసి మాది ఇచ్చాం. ఇది ఇంకా మేలైన నాణ్యత. అభినందనలు."

"మరి నాదేది?"

"'గుర్తు తెలియని రైతు' అన్న గదిలో వెతకండి. అన్నట్టు, ఈ రోజు ఏడో రోజు. సాయంత్రం ఆరింటికి తలుపు వేసేస్తాం. మా సేవకు ఐదు నక్షత్రాలు ఇవ్వడం మరవకండి."

ఇంత జరిగాక ఆ సేటు బతికి బట్టకట్టేవాడా? తెల్లారేసరికి మార్కెట్ గేటు ముందు ధర్నా, తూకాలు బంద్, పేపర్లో జిల్లా పేజీ మొత్తం అదే వార్త. పాటల దగ్గరికి వచ్చేసరికి మాత్రం మనం తలొంచుకుని "మళ్లీ ప్రయత్నించండి" అన్న బటన్ నొక్కుతాం.

పోల్చి మార్చడం నా కల్పన అనుకునేరు. యాపిల్ 2011లో తెచ్చిన ఐట్యూన్స్ మ్యాచ్ నడిచేదే అలా: మీ పాటకు వాళ్ల దుకాణంలో జోడీ దొరికితే మీ ఫైలు పైకి ఎక్కదు, బదులుగా వాళ్లది వినిపిస్తుంది. 2015లో వాళ్లే తెచ్చిన యాపిల్ మ్యూజిక్‌లో అయితే, కచేరీలో రికార్డు చేసిన పాట పెట్టినవాళ్లకు స్టూడియో పాట చేతికొచ్చిందన్న ఫిర్యాదులు వచ్చాయి. కంపెనీ లెక్కలో అది ఉపకారం.

ఇక మబ్బు అన్నాక కరగడం దాని ధర్మం. ఫ్లిప్‌కార్ట్ 2012లో ఫ్లైట్ పేరుతో ఎంపీ3ల దుకాణం తెరిచి 2013లోనే మూసేసింది. ఒకప్పుడు ఫేస్‌బుక్‌లా వెలిగిన మైస్పేస్ అయితే సర్వర్లు మార్చే హడావిడిలో 2003 నుంచి 2015 దాకా జనం ఎక్కించిన పాటలు పోయాయని 2019లో చల్లగా ఒప్పుకుంది. పోయిన పాటలు 5 కోట్లని అంచనా. ఐదు కోట్లు! గూగుల్ ప్లే మ్యూజిక్‌లో 50,000 సొంత పాటలు ఉచితంగా దాచుకోండన్నారు, 2020 చివరికల్లా దుకాణం కట్టేశారు, 2021 ఫిబ్రవరి తర్వాత మిగిలినవి తుడిచేస్తామన్నారు. ఎయిర్‌టెల్ వారి పాటల యాప్ వింక్ 2024లో పోయింది. ఇంతమంది పోయాక కూడా కొత్త యాప్ రాగానే "శాశ్వతంగా భద్రం" అంటే నమ్మేవాళ్లున్నారు, వాళ్ల గురించి నాకు చెప్పకండి.

"యాప్‌లోనే డౌన్‌లోడ్ బటన్ ఉంది కదా" అనే మేధావులూ ఉన్నారు. ఆ బటన్ నొక్కితే పాట మీ ఫోన్లోకి వస్తుంది, మీ చేతికి మాత్రం రాదు. తాళం వేసి వస్తుంది. ఇంకో ఫోన్లో పెట్టుకోలేరు, కారు పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కదు, చందా ఆపితే మూగబోతుంది. స్పాటిఫైలో అయితే 30 రోజులకు ఒక్కసారైనా నెట్‌కు కలిపి హాజరు వేయించుకోవాలి. మేడారం పోయే దారిలో తాడ్వాయి అడవిలో ఈ బటన్ గొప్పతనం తెలుస్తుంది. వ్యాన్లో నలుగురి చేతుల్లో నాలుగు ఖరీదైన ఫోన్లు, నాలుగింట్లోనూ గిరగిరా తిరిగే చక్రం. డ్రైవరు మాత్రం స్టీరియోకు ఎర్రదారంతో కట్టేసి ఉన్న పెన్‌డ్రైవ్‌ను నోటితో ఓసారి ఊది గుచ్చాడు. సమ్మక్క సారలమ్మ పాటలు మొదలయ్యాయి. ఆ పెన్‌డ్రైవ్ మీద పెన్నుతో "జాతర" అని రాసి ఉంది. సగం చెరిగిపోయి "జాత" అని మిగిలింది. దానికి పాస్‌వర్డు లేదు.

చట్టం ఏమంటుందని అడుగుతారేమో. యూరప్‌లో 2018 నుంచి అమల్లో ఉన్న జీడీపీఆర్ అనే డేటా రక్షణ చట్టంలో 20వ అధికరణం ఉంది: మీరిచ్చిన డేటాను మీరు అడిగితే కంప్యూటర్ చదవగలిగే రూపంలో తిరిగి ఇవ్వాలి. మన దగ్గర 2019 డేటా రక్షణ బిల్లులో అలాంటి హక్కు ఉండేది. 2023లో డిజిటల్ పర్సనల్ డేటా ప్రొటెక్షన్ చట్టం పాసయ్యేసరికి అది మాయమైంది. మనకంత తొందరేముందని కాబోలు.

ఇంతవరకు నవ్వుకుంటూ రాశాను. ఇప్పుడు ఆరో మూట సంగతి.

ఆరో మూట విప్పితే ఒక ఫోల్డరు, దాని పేరు "అన్‌నోన్ ఆర్టిస్ట్". లోపల వందల ఫైళ్లు. నేను కూర్చుని తెలుగులో టైపు చేసిన పేర్లన్నీ ప్రశ్నార్థకాలు, ఖాళీ పెట్టెలు అయి వచ్చాయి. ట్రాక్ 01, ట్రాక్ 02, ట్రాక్ 03. ఒకే పేరుతో రెండు ఫైళ్లుంటే ఒకటే మిగిలింది. రెండోది ఎక్కడ పోయిందో చెప్పే నాథుడు లేడు.

అన్‌నోన్ అట. ఎవరికి?

అందులో ఒకటి ఐలోని మల్లన్న జాతరలో మా కాక టూ ఇన్ వన్ భుజాన మోసుకెళ్లి రికార్డు చేసిన ఒగ్గుకథ. డోలు దెబ్బ పడ్డప్పుడల్లా టేపు వణుకుతుంది. మధ్యలో ఎవరో పిల్లాడు బూర ఊదుతాడు, కథకుడు కథ ఆపకుండానే వాణ్ణి గదమాయిస్తాడు, జనం నవ్వుతారు. ఆ కథకుడి పేరు, ఊరి పేరు క్యాసెట్ అట్ట మీద మా కాక బాల్‌పెన్నుతో రాశాడు. ఆ అట్ట చూసే నేను టైపు చేశాను. చుక్క సత్తయ్య లాంటి మహానుభావుడు పుట్టిన నేల ఇది. ఆయనకు పేరొచ్చింది, అవార్డులొచ్చాయి. ఆయన వెనక ఊరూరా పాడినవాళ్లకు మిగిలింది ఇలాంటి క్యాసెట్లే. ఉన్న ఒక్క చోట కూడా వాళ్ల పేరు చెరిపి అన్‌నోన్ అని రాయడానికి మీరెవరయ్యా?

ఇంకొకటి మా నాయినమ్మ గొంతు. సద్దుల బతుకమ్మ నాడు వాకిట్లో పాడింది. రెండో చరణంలో దగ్గు వచ్చి ఆగుతుంది, పక్కావిడ అందుకుంటుంది, మళ్లీ నాయినమ్మ కలుస్తుంది. మిమిక్రీ కళాకారుడు నేరెళ్ల వేణుమాధవ్ పుట్టిన ఊరు మా వరంగల్. గొంతుకూ గొంతుకూ మధ్య ఉండే వెంట్రుకవాసి తేడాను జీవితమంతా పట్టి చూపించారాయన. ఈ యంత్రానికి మాత్రం మా నాయినమ్మ పాట అంతకు ముందే ఉన్న ఇంకో ట్రాక్ 03. సినిమా పాట పోతే పోనీ, నూరు చోట్ల దొరుకుతుంది. ఇది ఎక్కడ దొరుకుతుంది? మళ్లీ పాడించడానికి మనిషి లేదు. కంపెనీకి రాస్తే, "కొద్దిపాటి డేటా నష్టం సహజం" అని ఒక జవాబు. కింద పేరు కూడా లేదు. అన్‌నోన్ అని ఎవరిని అనాలో వాళ్లనే అనాలి.

ఆ ట్రాక్ దొరికింది. మబ్బులో కాదు, మా మేనత్త ఇంట్లో బీరువా మీద, క్యాసెట్టులోనే. టేపు కాస్త సాగింది.

కాబట్టి మీ పాటలు ఏ మబ్బులోనైనా ఉంటే ఈ వారమే దరఖాస్తు పెట్టండి, మూసేస్తున్నామని మెయిలు వచ్చేదాకా ఆగకండి. మూట సైజు ఎంచుకోమంటే చిన్నదే ఎంచుకోండి. నాలుగు జీబీ దాటిన ఫైలు పాత పద్ధతిలో, అంటే ఫ్యాట్32లో ఫార్మాట్ చేసిన పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కదు. ఎక్కకపోతే పెన్‌డ్రైవ్ పాడైందనుకుని పారేస్తారు. ఏ రెండు మూటల్నీ ఒకే ఫోల్డరులో విప్పకండి, ఒకే పేరున్న ఫైళ్లు ఒకదాన్నొకటి తినేస్తాయి. విప్పాక లెక్క చూసి సరిపెట్టుకోకుండా నాలుగు పాటలు చివరిదాకా వినండి, సగంలో తెగినవి లెక్కలో నిండుగానే కనిపిస్తాయి. తర్వాత రెండు హార్డ్‌డిస్కులు. ఒకటి ఇంట్లో, ఒకటి వేరే ఊళ్లో నమ్మకమైన చుట్టం దగ్గర. నాది కాజీపేటలో మా బావ దగ్గరుంది. ఒక టీబీ డిస్కులో ఇలాంటి పాటలు రెండు లక్షలు పడతాయి, బావ పాటలు కూడా అందులోనే ఉన్నాయి. ఆయన అభిరుచి గురించి ఇక్కడ మాట్లాడను.

ఇదంతా పూర్తయ్యాక హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే మా మేనల్లుడు ఇంటికొచ్చాడు. హార్డ్‌డిస్కు చేతిలో పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. "మామా, ఇంత కష్టపడి దించినవ్ గదా. ఇది కరాబైతే ఎట్ల? టెన్షన్ లేకుంట క్లౌడ్‌ల పెట్టు. ఫస్ట్ మూడు నెలలు ఫ్రీ."

వాడికి సంబంధాలు చూస్తున్నారు. నిన్న అమ్మాయి తరఫువాళ్లు పిల్లాడు ఎలాంటివాడని వాకబు చేయడానికి నాకు ఫోన్ చేశారు. సాయంత్రం చెబుతానన్నాను.