తోక తెగిన వింతలు

దగ్గర్లో క్యాప్ ఉన్న బాల్ పెన్ ఉంటే ఒకసారి చేతిలోకి తీసుకుని చూడండి. చాలా పెన్నుల క్యాప్ కొసన చిన్న రంధ్రం ఉంటుంది. కొన్నింటికి గొట్టం నడుమ ఇంకో సన్నని రంధ్రం కూడా కనిపిస్తుంది. ఈ రెండూ ఇంకు ఆరిపోకుండా పెట్టినవేనని నేను చాలా ఏళ్లు అనుకున్నాను. కాదట. గొట్టం మీది రంధ్రం లోపలి గాలి ఒత్తిడిని బయటి ఒత్తిడితో సమానంగా ఉంచుతుంది. దానివల్ల ఇంకు సాఫీగా దిగుతుంది, కక్కదు. క్యాప్ రంధ్రానికి మాత్రం ఇంకుతో సంబంధమే లేదు. అది మనిషి ప్రాణం కోసం. క్యాప్ నోట్లో పెట్టుకుని కొరకడం పిల్లలకే కాదు, పెద్దలకూ అలవాటే. పొరపాటున అది గొంతులోకి జారి ఇరుక్కుంటే, డాక్టర్ దగ్గరికి చేర్చేదాకా ఆ రంధ్రంలోంచి కాస్తయినా ఊపిరి ఆడాలి. దీనికి అంతర్జాతీయ ప్రమాణం కూడా ఉంది.

ఇలాంటి ముక్కలంటే నాకు చిన్నప్పటి నుంచీ పిచ్చి. 'మీకు తెలుసా?' అని ఎక్కడ కనిపించినా చదవకుండా వదలను. ఇదంతా పనికిరాని కాలక్షేపం అని కొట్టిపారేసేవాళ్లతో నేను ఏకీభవించను. నా బాధ వేరే ఉంది. అసలు వింత ఎక్కడ మొదలవుతుందో సరిగ్గా అక్కడే మనం వాక్యం ముగించేస్తున్నాం. 'ఎందుకు' అన్న తోకను కోసేసి, తలను మాత్రం పంచిపెడుతున్నాం.

ఆక్టోపస్‌కు మూడు గుండెలుంటాయని వినని వాళ్లు తక్కువ. కానీ ఎందుకు మూడు? రెండు గుండెలు రక్తాన్ని మొప్పల్లోకి నెడతాయి. మొప్పల్లోని సన్నటి నాళాలు దాటేసరికి రక్తం వేగం తగ్గుతుంది. అక్కడి నుంచి మూడోది అందుకుని ఒళ్లంతా పంపిస్తుంది. ఆక్టోపస్ రక్తంలో ఆక్సిజన్‌ను మోసేది మనలా ఇనుము ఉన్న హీమోగ్లోబిన్ కాదు, రాగి ఉన్న హీమోసయనిన్. అందుకే ఆ రక్తం నీలంగా ఉంటుంది. ఇంకా విచిత్రం, ఆక్టోపస్ ఈదుతున్నప్పుడు ఆ మూడో గుండె ఆగిపోతుంది. అందుకే ఈదితే తొందరగా అలిసిపోతుంది, వీలైనంతవరకు సముద్రం అడుగున పాకడానికే ఇష్టపడుతుంది. మూడు గుండెలుండి కూడా ఈదడానికి ఆయాసపడే జీవి! ఇది తెలిశాక మూడు అన్న అంకె చాలా చిన్న విషయంగా కనిపిస్తుంది.

చరిత్రకు వస్తే, నాకు అన్నిటికన్నా ఇష్టమైనది ఈజిప్టు రాణి క్లియోపాత్రా ముచ్చట. ఆమె కాలం గీజా మహా పిరమిడ్ కట్టిన రోజుల కన్నా మనిషి చంద్రుడి మీద కాలు పెట్టిన రోజుకే దగ్గర. లెక్క సులువే. పిరమిడ్ పూర్తయింది సుమారు క్రీ.పూ. 2560లో. క్లియోపాత్రా చనిపోయింది క్రీ.పూ. 30లో. చంద్రుడి మీద అడుగు పడింది 1969లో. అటు రెండున్నర వేల ఏళ్లు, ఇటు రెండు వేల ఏళ్లు.

ఇది విని మనం ఉలిక్కిపడతాం. ఎందుకంటే 'ప్రాచీన ఈజిప్టు' అని మన బుర్రలో ఒకే మూట ఉంటుంది. పిరమిడ్లు, మమ్మీలు, క్లియోపాత్రా, అన్నీ కలిపి అందులో కట్టిపెట్టేశాం. నిజానికి క్లియోపాత్రా కళ్లకు కూడా ఆ పిరమిడ్ పురాతన కట్టడమే. ఆమె వంశం మాసిడోనియా నుంచి వచ్చిన గ్రీకులది. ఈ ఒక్క లెక్క ఆ మూటను విప్పేస్తుంది. పాఠాల్లో తేదీలు బట్టీ పట్టించే బదులు ఇలాంటివి నాలుగు చెబితే పిల్లలు చరిత్రను వదలరని నా గట్టి నమ్మకం.

తోక కోసేయడంలో ఇంకో ప్రమాదం ఉంది. అబద్ధం కూడా అదే వేషంలో వచ్చి కూర్చుంటుంది. చైనా గోడ చంద్రుడి మీద నుంచి కనిపిస్తుందనే మాట మనిషి అంతరిక్షంలోకి వెళ్లకముందే, 1930ల్లోనే అచ్చులో ఉంది. అప్పటికి పైనుంచి చూసి చెప్పినవాడే లేడు. గోడ పొడవు వేల కిలోమీటర్లు, నిజమే. వెడల్పు కొన్ని మీటర్లే. చంద్రుడు 3,84,000 కిలోమీటర్ల దూరం. నాలుగైదు కిలోమీటర్ల అవతల ఉన్న తల వెంట్రుకను చూడటం లాంటిది అది. 2003లో అంతరిక్షంలోకి వెళ్లొచ్చిన చైనా వ్యోమగామి యాంగ్ లివే, భూమికి అంత దగ్గరి కక్ష్య నుంచి కూడా గోడ తనకు కనిపించలేదని చెప్పారు. గోల్డ్‌ఫిష్‌కు మూడు సెకన్ల జ్ఞాపకమే ఉంటుందన్నదీ ఇలాంటిదే. శిక్షణ ఇస్తే అది నేర్చుకున్నది నెలల తరబడి గుర్తుంచుకుంటుంది.

అయితే అబద్ధానికి కూడా 'ఎక్కడి నుంచి వచ్చింది' అని అడిగితే ఒక్కోసారి మంచి కథే దొరుకుతుంది. నెపోలియన్ పొట్టివాడని ప్రపంచమంతా నమ్మింది. ఆయన ఎత్తు 5 అడుగుల 2 అంగుళాలని రాసిపెట్టారు. కానీ అవి ఫ్రెంచ్ అంగుళాలు, ఇంగ్లిష్ అంగుళం కన్నా పెద్దవి. మన లెక్కలో దాదాపు 168 సెంటీమీటర్లు, అంటే ఆ రోజుల్లో మామూలు మనిషి ఎత్తే. పైగా బ్రిటిష్ కార్టూనిస్టులు ఆయన్ని మరుగుజ్జుగా గీసి గీసి ఆ బొమ్మనే జనం మనసులో నాటేశారు. కొలబద్ద తేడా, శత్రువు కుంచె కలిసి ఒక చక్రవర్తిని రెండు వందల ఏళ్లుగా పొట్టివాణ్ని చేశాయి.

నాకు నిజంగా కోపం తెప్పించేది మాత్రం హెడీ లమార్ విషయం. 'వైఫై కనిపెట్టిన సినిమా తార' అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. అది పొగడ్తలా ఉంటుంది గానీ, ఆమె చేసిన పనిని అది మాయం చేస్తుంది. 1914లో వియన్నాలో పుట్టి, హాలీవుడ్‌లో అందగత్తెగా పేరు పడ్డ ఆమె రెండో ప్రపంచ యుద్ధ కాలంలో ఒక చిక్కుముడి పట్టుకుంది. రేడియోతో నడిపే టార్పెడోకు, అంటే నీళ్లలో దూసుకెళ్లి ఓడను పేల్చే ఆయుధానికి, పంపే సంకేతాన్ని శత్రువు పసిగడితే, అదే ఫ్రీక్వెన్సీలో రొద పుట్టించి దారి తప్పించగలడు. మరి ఫ్రీక్వెన్సీ క్షణక్షణం మారుతూ ఉంటే? పంపేవైపు, అందుకునేవైపు ఒకేసారి, ఒకే వరుసలో గెంతాలి. ఇద్దరికీ తాళం ఎలా కలపడం?

దానికి జవాబు సంగీతంలో దొరికింది. ఆమెతో కలిసి పనిచేసిన జార్జ్ ఆంథైల్ స్వరకర్త. వాయించేవాడు లేకుండా, చిల్లులు పొడిచిన కాగితపు చుట్టతో తనంతట తాను మోగే పియానోలు ఆయనకు బాగా తెలుసు. అలాంటి చుట్టలు అటొకటి, ఇటొకటి పెట్టి ఒకే వేగంతో తిప్పితే చాలు. వాళ్లు చెప్పిన ఫ్రీక్వెన్సీలు 88. పియానో మెట్లు కూడా 88. 1942 ఆగస్టు 11న పేటెంట్ వచ్చింది. అమెరికా నౌకాదళం దాన్ని పక్కన పడేసింది.

ఫ్రీక్వెన్సీ మార్చే ఆలోచన అంతకు ముందూ కొందరికి వచ్చింది. ఇవాళ్టి వైఫై నడిచే తీరు కూడా వేరు. కానీ బ్లూటూత్ నడిచేది ఇలాంటి గెంతులతోనే. సాధారణ బ్లూటూత్ 79 చానళ్ల మధ్య సెకనుకు 1,600 సార్లు మారుతుంది. హెడీ పేటెంట్ గడువు 1959లో తీరిపోయింది, దాని మీద ఆమెకు డబ్బేమీ రాలేదు. ఈ పనికి తొలి పెద్ద గుర్తింపుగా ఒక పురస్కారం 1997లో వచ్చింది. అప్పటికి ఆమెకు 82 ఏళ్లు.